మనం వడ్డించిన పాచి

ఇంట్లో చేపల తొట్టి ఉందంటే ప్రతి చుట్టానికీ అది మేత వేసే స్థలమే. పొద్దున ఇంటావిడ వేస్తుంది, ఆఫీసుకెళ్తూ ఆయన వేస్తాడు, బడి నుంచి వచ్చిన పిల్లాడు వేస్తాడు. "పాపం, నోళ్లు తెరుస్తున్నాయిరా" అంటూ అమ్మమ్మ ఇంకో చిటికెడు చల్లుతుంది. చేప నోరు ఆడించేది ఊపిరి కోసమని ఆవిడకు ఎవరూ చెప్పరు. వద్దంటున్నా విస్తట్లో ఇంకో గరిటె వేస్తేనే మర్యాద అనుకునే వాళ్లం మనం. చేపలకు అడ్డం పెట్టడానికి చేతుల్లేవు.

కొన్నాళ్లకు గాజు పచ్చబడుతుంది. రాళ్లు పాకుడు పడతాయి. అప్పుడు నేరం నీళ్ల ట్యాంకరు మీదకో, చేపలు అమ్మినవాడి మీదకో పోతుంది.

పాచిని మురికి అనుకోవడం దగ్గరే మనం దారి తప్పుతాం. అది పంట. చేప తిని విసర్జించిందీ, తినక వదిలేస్తే అడుగున కుళ్లిందీ అమోనియా అవుతుంది. ఫిల్టరు స్పాంజిలో కాపురముండే బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. మేతలోంచి ఫాస్ఫేటు కూడా దిగుతుంది. పొలానికి యూరియా, డీఏపీ అందించే నత్రజని, భాస్వరం ఇవే. ఇక వెలుతురు ఒక్కటే తక్కువ. దాన్ని మనమే కిటికీ పక్కన పెట్టి, అందంగా ఉందని అర్ధరాత్రి దాకా లైటు వేసి సమకూరుస్తాం. పైగా బోరు నీళ్లలోనే నైట్రేటు ఎక్కువున్న ఊళ్లు మనకు తక్కువేం కాదు. అక్కడ తాజా నీళ్లతోనూ కొంత ఎరువు వచ్చిపడుతుంది.

ఆదివారం వీరులు కొందరుంటారు. తొట్టి మొత్తం బోర్లించి, గులకరాళ్లను బకెట్లో కడిగి, స్పాంజిని కొళాయి కింద తెల్లగా పిండుతారు. కొళాయి నీళ్లలోని క్లోరిన్‌కు ఆ మంచి బాక్టీరియా చస్తుంది. గాజు అద్దంలా మెరుస్తుంది, అమోనియా పెరిగి చేపలు తేలతాయి. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చి, స్పాంజిని తీసేసిన ఆ పాత నీళ్లలోనే పిండితే చాలు. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేయడం మరవకూడదు. గాజు గీకడమూ నీళ్లు తీసే రోజే చేయాలి. లేకపోతే గీకిన పాచి అక్కడే కుళ్లి మళ్లీ ఎరువవుతుంది.

కొత్త తొట్టిలో గోధుమరంగు పొర కనిపిస్తే కంగారు వద్దు. అవి డయాటమ్‌లు, చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. నీళ్లే పచ్చగా మారితే లైటు ఆపి, మూడు నాలుగు రోజులు తొట్టికి మందపాటి దుప్పటి కప్పాలి. గాలి పంపు మాత్రం నడుస్తూ ఉండాలి.

ఈ గొడవ అక్వేరియం ఎంత పాతదో అంత పాతది. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ గాజు పాత్రలో గోల్డ్‌ఫిష్‌లనూ వాలిస్‌నేరియా మొక్కనూ పెట్టి చేసిన ప్రయోగాన్ని 1850లో వివరించాడు. ఆకులు కుళ్లి, నాచు పట్టి నీళ్లు మసకబారాయి. ఆయన చెరువు నత్తలను తెచ్చి వదిలాడు. నత్తలు ఆ కుళ్లును తిన్నాయి, నత్త గుడ్లు చేపలకు మేతయ్యాయి. మందు సీసా లేకుండా ఒక రసాయనవేత్త పని కానిచ్చాడంటే నాకు ముచ్చటేస్తుంది. మన దుకాణాల్లో దొరికే పాచిమందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది. అది పాచితోపాటు నత్తలనూ చంపుతుంది.

మొక్కల విషయంలో మనకు చేతికందే ఉపాయం మరొకటుంది. బాల్కనీలోని మనీప్లాంటు తీగను తెచ్చి, ఆకులు బయటే ఉంచి వేళ్లు మాత్రం నీళ్లలోకి వదిలితే, పాచి తినాల్సిన నైట్రేటును అది తినేస్తుంది. లైటుకు టైమరు పెట్టి రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలనుకోండి. మేత రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంతే వేయండి. వారంలో ఒక పూట పస్తు పెట్టినా పెద్ద చేపలకు ఏమీ కాదు. అమ్మమ్మను ఒప్పించడమే కష్టం.

దుకాణాలవాళ్ల సలహా మాత్రం ఎప్పుడూ తొట్టిలోకి ఇంకేదో చేర్చమనే ఉంటుంది. అందులో అన్నిటికన్నా చెడ్డది సక్కర్ ఫిష్. పాచి తింటుందని వేలెడంత పిల్లను అంటగడతారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప అడుగు దాటి పెరుగుతుంది, తినేదానికి తగ్గట్టే విసర్జిస్తుంది. చిన్న తొట్టిలో ఇమడక విసుగొచ్చి జనం చెరువులో వదిలేస్తారు. అక్కడ అది మన చేపల మేతకు పోటీపడుతుంది, ముళ్లతో జాలర్ల వలలు చింపుతుంది. ఆంధ్రలో మత్స్యకారులు దీన్ని దెయ్యం చేప అంటున్నారు. దయచేసి పాచి కోసం దాన్ని కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే దుకాణానికి తిరిగివ్వండి, చెరువులో మాత్రం వదలకండి.