వాడ నుంచి వాడరేవుకి
(ఊరి చివర కబుర్లు - 17)

దసరా సెలవులు, డిసెంబరు ఆఖరి వారం, సంక్రాంతి. ఈ మూడింటికి ముందు నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. "అన్నా, వాడరేవు పోదామనుకుంటున్నాం, ఎక్కడ దిగాలి, ఏం తినాలి, పిల్లలతో ఇబ్బందేం ఉండదుగా?" అని. ఉద్యమం మీద పెట్టిన పోస్టులకి రాని మెసేజీలు సముద్రం గురించి వస్తాయి. రానీండి, మంచిదే. మనవాళ్ళు సెలవు పెట్టి, పిల్లల్ని తీసుకుని, ఏ మీటింగూ ఏ చావూ లేకుండా ఊరికే తిరగడానికి బయల్దేరుతున్నారంటే నాకు సంతోషం. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

ముందు పేరు సంగతి. వాడరేవులో వాడంటే మన వాడ కాదు. పాత తెలుగులో ఓడని వాడ అనేవాళ్ళు. ఓడలొచ్చే రేవు గనక వాడరేవు. మా చిన్నప్పుడు మాత్రం "పేరులోనే మన వాడ ఉందిరోయ్" అని చెప్పుకుని మురిసిపోయేవాళ్ళం.

విజయవాడ నుంచైనా ఒంగోలు నుంచైనా రైలెక్కి చీరాలలో దిగండి. అక్కణ్ణుంచి ఆటోలో ఆరేడు కిలోమీటర్లు. బేరం ఎక్కకముందే ఆడుకోండి, తిరుగు ప్రయాణంతో కలిపి. జనం తక్కువుండాలంటే పక్కనే రామాపురం పోండి. బాపట్లలో దిగితే సూర్యలంక, అది స్టేషనుకి తొమ్మిది కిలోమీటర్లు. ఇసుక బాగుంటుంది, ఆదివారం మాత్రం తిరనాళ్ళే. కార్తీక పౌర్ణమి నాడు ఏ ఒడ్డునా కాలు పెట్టే సందుండదు. నవంబరు, డిసెంబరుల్లో వచ్చేవాళ్ళు తుపాను హెచ్చరిక ఉందేమో చూసుకుని బయల్దేరండి. తెల్లారకముందే ఒడ్డుకి చేరితే సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. పదింటికల్లా ఇసుక కాలుతుంది, అప్పటికి సరుగుడు తోపు నీడలోకి వచ్చేయాలి.

నీళ్ళ గురించి గట్టిగా చెప్తున్నా. దాదాపు ఏటా ఇక్కడ కాలేజీ పిల్లలు కొట్టుకుపోతున్నారు. పైకి నెమ్మదిగా కనిపిస్తుంది గానీ అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. మోకాలి లోతు దాటొద్దు. తాగి అసలు దిగొద్దు. నీరు లోపలికి లాగిందంటే ఒడ్డుకేసి ఎదురీదితే దమ్ము పోయి మునిగిపోతారు. తేలుతూ పక్కకి, ఒడ్డు వెంబడి ఈదాలి. ఆ లాగుడు తగ్గాక బయటికి రావాలి. పల్లెకారులు "అక్కడ దిగొద్దు" అంటే అది బెదిరింపు కాదు.

తిండి. పొద్దున్నే పడవలు వచ్చే చోట నిలబడితే కానగంతలు, నెత్తళ్ళు, పీతలు, అదృష్టముంటే చందువ, వంజరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలకి వేట నిషేధం. ఆ రెండు నెలల్లో ఎవరన్నా "ఇప్పుడే సముద్రంలోంచి తెచ్చాం సార్" అంటే కొంచెం ఆలోచించండి, చెరువు రొయ్యే ఎక్కువ. రాత్రంతా వలలాగిన మనిషి దగ్గర పది రూపాయలకి గీసిగీసి బేరమాడకండి. ఎండుచేపలు మూటగట్టుకోండి. హైదరాబాదు అపార్ట్‌మెంట్లో వాసనకి పక్కింటివాళ్ళు ముక్కు మూసుకుంటే మూసుకోనీండి.

ఇక గదుల సంగతి. కొన్నేళ్ళ కిందట మా కుటుంబంతో ఒక గెస్ట్‌హౌసుకి వెళ్ళాం. బల్ల దగ్గరాయన ఆధార్ కార్డు చూసి ఊరడిగాడు. చెప్పా. "ఊళ్ళో ఎటుపక్క?" అన్నాడు. ఈ ప్రశ్నకి అర్థం తెలియని మనవాడు ఉండడు. పడమటి పక్కనని చెప్పా. రూముల్లేవన్నాడు. వెనక తాళాలన్నీ మేకులకి వేలాడుతూనే ఉన్నాయి. మీకూ అలా ఎదురైతే వెనక్కి తిరిగి రాకండి, అక్కడే నిలబడి లేవని కాగితం మీద రాసిమ్మని అడగండి. మేం అడిగాం. పావుగంటకి గది దొరికింది.

మాది ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపలి పల్లె. మా అమ్మ కొమ్మమూరు కాలువ కింద నాట్లేసింది, పొగాకు బేరన్ల దగ్గర ఆకు గుచ్చింది. గాలి తూర్పున తిరిగితే ఉప్పు వాసన మా వాడ దాకా వచ్చేది. అయినా ఆమె సముద్రం చూసింది యాభై దాటాకే, చర్చి వాళ్ళు జనవరి 1న ట్రాక్టరు కడితే. గంటసేపు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నిలబడింది. ఏమ్మా, ఎట్టా ఉందంటే, "ఇన్ని నీళ్ళురా, ఎవురూ అడగట్లేదు" అంది. ఆ మాటకి నవ్వాను గానీ ఆమె నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో తెలియాలంటే చీరాలకి పడమర, ఏడెనిమిది కిలోమీటర్లలో ఉన్న కారంచేడు తెలియాలి. 1985 జూలై 16న మాదిగలు తాగే చెరువు దగ్గర, గేదెలకి కుడితి పెట్టిన బకెట్లు కడిగి నీళ్ళు పాడు చేస్తుంటే ఒక కుర్రాడు వద్దన్నాడు. అతని మీదికొస్తే, నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు పెత్తందారీ కమ్మ కులస్తులు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాలకి పరుగెత్తుకొచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చాలా కుటుంబాలు మళ్ళీ ఊరికి పోలేదు. దళిత మహాసభ పుట్టింది ఆ చీరాల శిబిరంలోంచే. 1989 అట్రాసిటీ చట్టం వెనక కూడా ఆ నెత్తురుంది.

కాబట్టి చీరాలలో ఆటో ఎక్కేముందు విజిలీపేట అడగండి. కారంచేడు ఊళ్ళోకి పోయి సెల్ఫీలు దిగమని నేను చెప్పను. విజిలీపేటలో రుధిర క్షేత్రం ఉంది. అరగంట చాలు. పిల్లల్ని బయట ఆటోలో కూర్చోబెట్టకండి, లోపలికి తీసుకెళ్ళండి. "సరదాకి వచ్చి ఇదేంటి, మూడ్ పాడవుతుంది" అని ఒక తమ్ముడు అన్నాడు. అక్కడ చూసొచ్చాక పిల్లలు నీళ్ళలో ఆడితే మూడ్ పాడవదు తమ్ముడూ, నేను మా పిల్లలతో చూశా. మా చిన్నది ఒడ్డున ఇసుకతో చెరువు కట్టి, "ఇది అందరిదీ" అని కర్ర పాతింది. అల వచ్చి పట్టుకుపోతే మళ్ళీ కట్టింది.

సాయంత్రం టైముంటే జాండ్రపేటలో మగ్గాల దగ్గరకే వెళ్ళి కుప్పడం చీర కొనండి. నేసినోళ్ళ చేతికే డబ్బు పోతుంది. వేటపాలెం జీడిపప్పు సరే, అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం మాత్రం వదలొద్దు. 1918లో పెట్టింది, పాత పత్రికలు గుట్టలుగా ఉంటాయి. మన పిల్లల్లో పరిశోధన చేసేవాళ్ళు రెండు రోజులు అదనంగా ఉంచుకోండి.

జూలై 17న వచ్చేవాళ్ళకి ఒక మాట. ఆ రోజు సముద్రం పోటుగా ఉంటుంది, స్నానాలు కుదరవు. విజిలీపేటలో మనవాళ్ళుంటారు. ఎవరన్నా ఊళ్ళో ఎటుపక్క అనడిగి గది లేదంటే నాకు మెసేజ్ పెట్టండి, మా ఇంట్లో నలుగురికి చోటుంది.

వచ్చే వారం మోటుపల్లి రేవు, గణపతిదేవుడి శాసనం, చినగంజాం ఉప్పు కొటార్లలో పనిచేసే మన ఆడవాళ్ళ కబుర్లు.

జై భీమ్.