నెలాఖరు పద్దు

మా పింఛనుల లెక్కలు కొన్నేళ్లపాటు విండోస్ సర్వర్ మీద, ఒరాకిల్ డేటాబేస్‌లో ఉండేవి. దానిని లైనక్స్‌కు మార్చినది మేమే. కొత్త యంత్రంలో మెమరీ 32 జీబీ. పాత అమరికలనే పొల్లుపోకుండా ఎక్కించి, పని ముగిసినదనుకున్నాము.

మొదటి నెలాఖరుననే యంత్రం చతికిలబడినది. కనెక్షన్లు 500కు చేరగానే మెమరీ చాలక స్వాప్ మొదలైనది. పింఛనుల జాబితా బ్యాంకుకు చేరవలసిన సాయంత్రమది. మేము నిదానించక, కొత్తగా చేరిన ఇంజనీరు అమ్మాయి వ్రాసిన క్వెరీని నలుగురిలో తప్పుపట్టాము. ఆమె మారు పలుకక తెరమీద ఒక వరుస చూపినది: పేజ్ టేబుల్స్, 12 జీబీ!

అప్పుడు కాగితం తీశాము. విండోస్‌లో ఒరాకిల్ ఒకే ప్రాసెస్. కనెక్షన్లన్నీ అందులోని థ్రెడ్లు. కనుక ఏ పేజీ ఎక్కడున్నదో తెలిపే పద్దు ఒక్కటే. లైనక్స్‌లో మా అమరిక ప్రకారం కనెక్షనుకొక ప్రాసెస్, ప్రాసెస్‌కొక పద్దు. 16 జీబీల ఉమ్మడి మెమరీని 4 కేబీ పేజీలుగా విభజిస్తే దాదాపు 42 లక్షలు. పేజీకి 8 బైట్ల చొప్పున ఒక్కొక్క పద్దు 32 ఎంబీ వరకు పెరుగును. 500తో పాఠకులే గుణించుకోవచ్చును. (ముట్టని పేజీకి పద్దు లేదు గనుక మాకు 12 దగ్గర ఆగినది.)

2 ఎంబీల హ్యూజ్ పేజీలు 8192కు కొంచెం పైగా కేటాయించాము. వాటితో పొసగని ఆటోమేటిక్ మెమరీ మేనేజ్‌మెంట్‌ను తొలగించాము. పద్దులు చిక్కిపోయినవి, స్వాప్ ఆగినది. జాబితా మాత్రం మరునాడే వెళ్లినది.

ఆ క్వెరీలో నేటికీ ఒక్క అక్షరం మార్చలేదు. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుటకు మాకు ఇంకో రెండు రోజులు పట్టినది.