కలమల్లకు మా కారు ప్రయాణం

కారులో ఊరికి వెళ్ళాలంటే మా ఇంట్లో ముందురోజు రాత్రే యుద్ధం మొదలవుతుంది. మావారు టైర్లలో గాలి చూసుకుంటారు. అత్తగారు పులిహోర కలుపుతారు. పిల్లలిద్దరూ కిటికీ పక్క సీటు కోసం కొట్టుకుంటారు. ఈసారి మాత్రం నేను ఏ పనీ ముట్టుకోకుండా ఓ మూల కూచున్నాను. "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని అత్తగారు రెండుసార్లు అడిగారు. ఒంట్లో నిక్షేపంగా ఉంది. భయమేస్తోంది, అంతే.

మేం వెళ్తున్నది కడప జిల్లా కలమల్లకి. హైదరాబాదు నుంచి దాదాపు 400 కిలోమీటర్లు. అక్కడ నా స్నేహితురాలుంది. పేరు చెప్పను. ఒకసారి దాని సంగతి రాసే ఇంత చిక్కు తెచ్చిపెట్టుకున్నాను.

కడపలో బి.ఏ. చదివే రోజుల్లో హాస్టల్లో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఓ రాత్రి కరెంటు పోతే మిద్దె మీద కూచున్నప్పుడు చెప్పిందది. తన ఎనిమిదో ఏట వాళ్ళమ్మ ఇల్లు వదిలి వెళ్ళిపోయిందట. ఆరు నెలలు రాలేదట. అడిగినవాళ్ళకల్లా "రాయవేలూరు ఆసుపత్రిలో ఉంది" అని ఇంట్లోవాళ్ళు చెప్పేవారట. ఆర్నెల్ల తర్వాత ఒక పొద్దున ఆవిడ ఏమీ జరగనట్టే వచ్చి, పొయ్యి ముట్టించి, సంగటి కెలికిందట. ఎవరూ ఏమీ అడగలేదట. "ఎవరికీ చెప్పొద్దే" అంది. చెప్పనన్నాను. నిజంగానే ఎవరికీ చెప్పలేదు. రాశాను.

పదకొండేళ్ళ కిందట అది సీరియల్‌గా వచ్చింది. పేర్లు మార్చాను. ఊరు మార్చాను. కడప జిల్లా కాపురాన్ని ఎత్తుకెళ్ళి గోదావరి ఒడ్డున పెట్టాను. కథలు రాసేవాళ్ళం ఇలాంటి తెలివితేటలు చాలా ప్రదర్శిస్తాం లెండి. కానీ సంగటిని మార్చడం మరిచిపోయాను. గోదావరి ఒడ్డున ఇల్లాలు రాగిసంగటి కెలకడమేమిటండీ అని ఒక పాఠకురాలు ఉత్తరం కూడా రాసింది. ఆ వారమే దాని ఫోను. "చదివినా. మా అమ్మ గూడా చదివింది." అంతే, పెట్టేసింది. పదకొండేళ్ళు మళ్ళీ మాటల్లేవు. నేనూ చేయలేదు. చేస్తే ఏం చెప్పాలో తెలీక.

పోయిన నెల అదే ఫోను చేసింది. "మా అమ్మ నిన్ను చూడాలంటాంది. వస్తావా?"

దారి సంగతి క్లుప్తంగా చెబుతాను. కర్నూలు దాటేసరికే పులిహోర అయిపోయింది. నంద్యాల తర్వాత ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన శిల్పులు చెక్కిన విగ్రహాలు చూసి పిల్లలు కారు ఆపమన్నారు. దేవుళ్ళ పక్కన నాయకులు, నాయకుల పక్కన నందులు. చాగలమర్రి మీదుగా ప్రొద్దుటూరు చేరేసరికి అత్తగారిలో ఎక్కడలేని హుషారూ వచ్చింది. బంగారం కొట్లకు పేరుపడ్డ ఊరది. "కొనడానిక్కాదు, ఊరికే చూద్దాం" అన్నారు. మావారికి ఆ 'ఊరికే' ఎంతవుతుందో తెలుసు కనక యాక్సిలరేటర్ తొక్కారు. పుట్టపర్తి నారాయణాచార్యులుగారు 'శివతాండవం' రాసిన ఊరర్రా ఇది అని నేను చెబితే, "ఇక్కడ ఐస్‌క్రీం దొరుకుతుందా?" అన్నాడు మా చిన్నాడు.

పెన్న వంతెన మీద ఇసక తప్ప నీళ్ళు కనబడలేదు. ఎర్రగుంట్ల చుట్టూ ఎటు చూసినా నాపరాయి బండలే. ఇళ్ళ ముందు బండలు, ప్రహరీలకు నిలువుగా పాతిన బండలు, లారీల నిండా బండలు. అవి దాటితే థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. 1994లో మొదటి యూనిట్ మొదలైనప్పట్నించీ ఆ ఊరికి అవే ఆనవాలు.

అది గుమ్మంలో నిలబడి ఉంది. చెంపలు నెరిశాయి. "రాండి, కాళ్ళు కడుక్కోండి" అంది అందర్నీ కలిపి. నాకని వేరే ఏమీ అనలేదు. మావారికి నాటుకోడి పులుసూ సంగటీ, శనివారం నియమమని అత్తగారికి వేరే పొయ్యి మీద పప్పూ వండింది. ఊరిబిండి, ఓళిగలు సరేసరి. మర్యాదకు లోటు లేదు. ఆ మర్యాదే నా గొంతులో అడ్డం పడింది.

భోజనాలయ్యాక వాళ్ళమ్మగారు మంచం మీంచి పిలిచారు. డెబ్బై దగ్గర పడ్డాయి. చూపు మాత్రం సూదిలా ఉంది.

"నువ్వేనా రాసింది? ఇట్లా దగ్గరికి రా. బాగానే రాసినావు. అయితే అంతా అబద్ధమే."

నాకు చెమట పట్టింది.

"నన్ను మూడు వారాలు ఏడిపించినావు గదా! నేను ఏడవల్యా. బండల లారీలో ముందర సీట్లో కూచోని తాడిపత్రికి, మా అక్క ఇంటికి పోయినా. దోవలో ముద్దనూరులో టీ తాగినా. అంతవరకూ నేను అంగట్లో టీ తాగిందే ల్యా."

"మరి తిరిగెందుకొచ్చారమ్మా?" అన్నాను. నా నవలలో ఆవిడ వేరే దిక్కులేక తిరిగొస్తుంది. ఆ అధ్యాయానికే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి.

"దిక్కులేకనా? ఆడ మిషను కుట్టి మూడు నూర్లు కూడబెట్టినా. దీన్ని ఇంక బడికి పంపేది లేదన్న్యాడు వాళ్ళ నాయన. నా దుడ్డుతో నేను చదివిస్తానని వచ్చినా."

తలుపు దగ్గర గిన్నె పట్టుకుని నిలబడింది నా స్నేహితురాలు. ఇప్పుడది హైస్కూల్లో తెలుగు టీచరు. ఆ సంగతి తనకూ ఇవాళే తెలిసిందని దాని మొహం చూస్తే అర్థమైంది. గిన్నె అక్కడే పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాల వెళ్ళలేదు. వెళ్ళే హక్కు పోగొట్టుకున్నాను కదా.

సాయంత్రం అదే వచ్చి, "పదండి, శాసనం చూద్దురు" అంది. ఆ ఊరికి ఎవరొచ్చినా చెన్నకేశవస్వామి గుడికి తీసుకెళ్తుందట. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలంలో వేసిన శాసనం. అంతకుముందు ఈ గడ్డ మీద శాసనాలు ప్రాకృతంలోనో సంస్కృతంలోనో వేశారు. దొరికినవాటిలో తెలుగు శాసనాలకు ఇదే పెద్దక్క. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు దీన్ని చాలామంది తలుచుకున్నారు. తలుచుకున్నంతగా చూసినట్టు లేదు. విరిగిన రాతి స్తంభం, దాని మీద అక్షరాలు. మా పెద్దాడు ఒక్కటైనా చదవాలని పట్టుబట్టి, "ఇది తెలుగేనా?" అన్నాడు.

"తెలుగే నాయనా. రేనాడు ఏలుతుండగా అని మొదలవుతుంది. నడిమి పంక్తులు చెరిగిపోయినాయి. కడాకు మహాపాతకం అన్న మాట మిగిలింది. దీన్ని పాడుచేసినోళ్ళకు అని" చెప్పింది టీచరమ్మ. పిల్లలు ముందుకు పరిగెత్తాక నావైపు తిరిగింది. "చూసినావా? పాడుచేసినోళ్ళకే పాతకం పెట్టినారు. రాసేటోళ్ళకు ఏమీ పెట్టల్యా. నీ అదృష్టం."

నవ్వాలో వద్దో తెలియలేదు. "తప్పయిందే" అన్నాను. పదకొండేళ్ళు పట్టింది ఆ ఒక్క మాటకి.

"అమ్మకు కోపం ల్యా. ఆమె మాట ఆమెది. నేను ఇంకా చూడాల" అంది. కాసేపటికి, "ఆ మూడు నూర్ల సంగతి నాకెందుకు చెప్పలేదో" అని తనలో తనే అనుకుంది.

మర్నాడు బయల్దేరేటప్పుడు అత్తగారికి ఓళిగలు కట్టింది, నా చేతిలో ఊరిబిండి సీసా పెట్టింది. "సీసా తిరిగి ఇయ్యాల. ఇది మా అమ్మది" అంది.

ఇది రాసేముందు ఫోను చేసి అడిగాను, ఈసారి బుద్ధిగా. అమ్మగారు, "రాసుకో. టీలో చక్కెర ఎక్కువేసినాడని గూడా రాయి" అన్నారు. తర్వాత అది మొత్తం చదివించుకుని ఒక వాక్యం కొట్టేయమంది. కొట్టేశాను. ఏ వాక్యమో మీకు చెప్పను.

సీసా కడిగి వంటింటి గూట్లో పెట్టాను. కొరియర్లో పంపించేద్దామంటారు మావారు. నేను వద్దన్నాను.