చెప్పు పోతే పోనీ

2025 నవంబరు 1, కార్తీక ఏకాదశి. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో వెంకటేశ్వరస్వామి దర్శనానికి వెళ్లిన తొమ్మిది మంది ఇక ఇల్లు చేరలేదు. మర్నాడు పొద్దున చెన్నై వెస్ట్ మాంబళంలో ఓ ఇంట్లో తెలుగు పేపరూ తమిళ పేపరూ పక్కపక్కనే పడి ఉన్నాయి. నెల్లూరు నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా అక్కడే కాపురముంటున్న ఈ వ్యాసకర్తకి రెండూ చదివే అలవాటు. తెలుగులో ‘తొక్కిసలాట’ అని ఉంది. తమిళంలో ‘కూట్ట నెరిసల్’. ఆ తేడా అతన్ని రోజంతా వదల్లేదు.

కూట్టం అంటే జనం. నెరిసల్ అంటే మనిషి నలిగిపోయేంత ఇరుకు. ఆ మాట ఎవరినీ తప్పుపట్టదు, జరిగింది చెబుతుంది. మన మాట అలా కాదు. కొట్లాట, తోపులాట, పోట్లాట అన్నట్టే తొక్కిసలాట. ఒకరినొకరు చేసుకున్న పని అన్నట్టు ధ్వనిస్తుంది. పోయినవాళ్ల పక్కన నిలబడి బతికి బయటపడ్డవాళ్ల మీద నేరం మోపుతుంది.

నిజానికి ఇలాంటి చోట్ల చాలామంది కాళ్ల కింద పడి చనిపోరు. నిలబడే చనిపోతారు. నాలుగు వైపుల నుంచీ ఒత్తిడి పడితే ఛాతీ విచ్చుకోదు, గాలి లోపలికి పోదు. మూడు పేపర్లు పూర్తిగా విప్పి పక్కపక్కన పరిస్తే దాదాపు ఒక చదరపు మీటరు. అందులో నలుగురు నిలబడితే కదలొచ్చు. అయిదుగురైతే మోచేతులు తగులుతాయి. ఆరేడుగురు దాటితే ఇక ఎవరి అడుగు వాళ్ల చేతిలో ఉండదు, జనం మొత్తం నీళ్లలా అటూ ఇటూ ఊగుతారు. వెనకున్నవాడికి ముందున్నవాడి ఊపిరి ఆగుతోందని తెలియను కూడా తెలియదు. అతను తొక్కుతున్నాడని ఎలా అంటాం?

చెన్నైకి ఈ పాఠం కొత్తేమీ కాదు. 2005 డిసెంబరు 18 తెల్లవారకముందే, ఎంజీఆర్ నగర్‌లో వరద సాయం టోకెన్ల కోసం కార్పొరేషన్ స్కూలు ముందు చేరిన జనంలో 42 మంది చనిపోయారు. ఆకలిగా ఉన్నవాళ్లని చీకట్లో, వానలో, మూసిన గేటు ముందు నిలబెట్టారు. ఇరవయ్యేళ్ల తర్వాత, 2025 సెప్టెంబరు 27న, తమిళనాడులోనే కరూర్‌లో సినీ నటుడు విజయ్ రాజకీయ ప్రచార సభలో 41 మంది. పొద్దుటి నుంచి ఎదురుచూసిన జనం ముందుకి అతని ప్రచార బండి వచ్చింది రాత్రయ్యాక. అదే ఏడాది జనవరి 8న తిరుపతి బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు. గంటల తరబడి ఒకచోట కూర్చోబెట్టిన భక్తులకి ఒక్కసారిగా గేటు తెరుచుకుంది. కాశీబుగ్గలో రెయిలింగ్ విరిగింది. గేటు, ఇరుకు దారి, ఎదురుచూపు, కమ్మీ. ఇందులో ‘ఆట’ ఎక్కడుంది?

అసలు ఎవరూ ఎవరినీ తొయ్యకుండానే ప్రాణాలు పోయిన రోజూ ఉంది. 2024 అక్టోబరు 6న మెరీనాలో వైమానిక దళం విన్యాసాలు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా నడినెత్తిన ఎండ, ఇసక మీద పది లక్షలకు పైగా జనం. అయిదుగురు చనిపోయారు. చూడ్డానికి వచ్చేటప్పుడు తలా ఒక వేళకి వస్తారు. పోయేటప్పుడు అందరిదీ ఒకే నిమిషం. మంచినీళ్లూ నీడా ఇంటికి పోయే దారీ, విమానాలకంటే ముందు లెక్కేయాల్సినవి అవే.

ఈ ఊరంటే ఈ వ్యాసకర్తకి ప్రేమే. దీపావళి ముందు టీ నగర్‌లో పోలీసులు కావలి మంచెలు కట్టి, కెమెరాలు పెట్టి, మైకులో అరుస్తూనే ఉంటారు. అక్కడి రంగనాథన్ వీధి మాంబళం స్టేషన్‌ని ఆనుకుని ఉన్న సన్నటి వీధి. రైలు దిగినవాళ్లూ సంచులతో ఎక్కబోయేవాళ్లూ అందులోనే ఎదురుపడతారు. అయిదేళ్ల కిందట ఓ సాయంత్రం అక్కడ అతని కూతురి చెప్పు జారింది. పిల్ల ఏడుపు అందుకుంది. చెప్పు తీద్దామని అతని భార్య వంగబోయింది. పక్కన పూలబుట్ట పెట్టుకున్న పెద్దావిడ ఆమె జబ్బ పట్టుకుని పైకి లాగింది. “విడుమ్మా! సెరుప్పు పోనా పోగట్టుం, కొళందైయ తూక్కు!” చెప్పు పోతే పోనీ, పిల్లనెత్తుకో అని. తర్వాత తన మోచేతులు రెండూ ఛాతీ ముందు పెట్టుకుని, ఇలా పట్టుకోమని చూపించింది. జనానికి ఎదురు తిరగలేదు. ఊపు వచ్చినప్పుడు దానితోనే రెండడుగులు వేసి, తగ్గగానే ఓ అడుగు పక్కకి. మళ్లీ ఊపు, మళ్లీ పక్కకి. అలా ఏటవాలుగా నడిపించి ఓ పాత్రల కొట్టు మెట్లెక్కించింది. ఏ దుర్ఘటన తర్వాతైనా ఫొటోల్లో కుప్పగా చెప్పులే కనిపిస్తాయి. వాటిని చూసినప్పుడల్లా అతనికి ఆ పూలబుట్టే గుర్తొస్తుంది.

సియోల్ ఇటెవాన్‌లోనూ ఇలాంటి సన్న సందే, వెడల్పు మూడు మీటర్ల పైచిలుకు. 2022 అక్టోబరు 29 రాత్రి అక్కడ జరిగిన దుర్ఘటనకి 159 మంది బలయ్యారు. ఇక్కడ ఇరుకుగా ఉందంటూ పోలీసులకి మొదటి ఫోను అంతకు దాదాపు నాలుగు గంటల ముందే వెళ్లింది. కాబట్టి మనవాళ్లకి క్రమశిక్షణ లేదని ఎవరైనా అంటే ఈ వ్యాసకర్త ఒప్పుకోడు. నెల్లూరు రొట్టెల పండగ చూసినవాడు ఎలా ఒప్పుకుంటాడు? బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతున నిలబడి చదువు రొట్టె, పెళ్లి రొట్టె మార్చుకునేవాళ్లు లక్షల్లో ఉంటారు. పండగ ఒక్కరోజుది కాదు, గట్టూ పొడుగే. చిన్నప్పుడు అమ్మ అతని చొక్కా జేబులో అడ్రసు చీటీ పెట్టి పిన్నీసు గుచ్చేది. “తప్పిపోతే గేటు కాడికి పోబాక. అందరూ ఆడికే వస్తారు. చెరుకు రసం బండి కాడ నిలబడు” అనేది.

ఆ తెలివి ఆమె ఎక్కడా చదువుకోలేదు. అప్పటి జనం వేరు, ఇప్పటి జనం వేరు అన్నదీ నిజమే.

పేపర్లు మడిచిపెట్టి, ఆ సాయంత్రం అతను అమ్మకి ఫోన్ చేశాడు. కార్తీక సోమవారాలు ఇంకా ఉన్నాయి, ఆమె వీధి చివర గుడికి పోకుండా ఉండదు.

“మన గుళ్లో లోపలికి పోయే దారీ బయటికొచ్చే దారీ ఒకటేనా అమ్మా?”

అవతల కాసేపు చప్పుడు లేదు.

“ఒకటే నాయనా. వంటశాల పక్కన ఇంకో తలుపు ఉండాది. ఎప్పుడూ తాళమేసే ఉంటాది. తాళంచెవి ఎవరికాడుందో రేపు పొద్దున్నే కనుక్కుంటా.”