లారీ గీసిన కారు

ఈసారి గోడపత్రికకు మేడమ్ ఇచ్చిన అంశం "నేను కలవాలనుకున్న మనిషి". తరగతిలో చాలామంది కవులను ఎంచుకున్నారు. ఒకమ్మాయి వేమనను కలిసొచ్చింది, ఇంకొకమ్మాయి మొల్లను. నేను పేరు చెప్పగానే మేడమ్ కలం ఆపి "లారీనా?" అన్నారు. అవును మేడమ్, లారీ షినోడా. పేరు లారీయే గాని గీసినవన్నీ కార్లు. అమెరికా మనిషి. 1997 నవంబరులో పోయాడు, అప్పటికి నేనింకా పుట్టలేదు. కాబట్టి ఈ కలయిక జరిగిందీ కాదు, జరిగేదీ కాదు. జరిగుంటే ఏమడిగేదాన్నో అదే రాస్తున్నాను.

మా నాయనది టింకరింగ్ పని. కలాసిపాళ్యం పక్కన చిన్న షెడ్డు. గుద్దుకొని సొట్టపడిన రేకును సుత్తితో, డాలీతో సాపు చేసి, పట్టీ పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది రంగుకు సిద్ధం చేస్తాడు. సాపు అయిందా లేదా చూడటానికి ఆయన కండ్లను నమ్మడు. చేతికి పాతగుడ్డ చుట్టుకొని అరచేతిని రేకు మీద మెల్లగా పోనిస్తాడు. ఆ తర్వాతే ట్యూబులైటు వెలుగు చూస్తాడు. రేకు మీద పడిన వెలుగు గీత ఎక్కడన్నా వణికిందంటే పని మళ్ళీ మొదటికి.

రెండేండ్ల కిందట ఒక కుర్రాడు పాత మారుతి 800 తెచ్చి, ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. పసుపుపచ్చ కారు, పక్కన ఇంగ్లీషు 'సి' అక్షరాన్ని సాగదీసినట్టు నల్లటి చార. "అన్నా, నాకూ అట్లే వేసియ్యాల" అన్నాడు. నాయన నన్ను పిలిచాడు. "పాపా, నీది ముగ్గుల చెయ్యి. పేపరు మీద కొలత తీసియ్యి." పాత పేపర్లు అతికించి, గీసి, కత్తిరించి ఇచ్చాను. వేశాక చూస్తే పొట్టివాడికి తాతగారి పంచె కట్టినట్టు ఉంది. కుర్రాడు మాత్రం మురిసిపోయి డబ్బులిచ్చి వెళ్ళాడు. నాకే మనసు ఊరుకోలేదు. అదే చార ఆ బొమ్మలో ఎందుకంత నిండుగా ఉంది, ఇక్కడ ఎందుకు తేలిపోయింది? కర్త తెలియని చాటువుకు కర్తను వెతికినట్టు, ఆ చార ఎవరిదో వెతికాను. అట్ల దొరికాడు లారీ షినోడా.

ఆ కారు పేరు మస్టాంగ్ బాస్ 302, 1969 నాటిది. అప్పట్లో అమెరికాలో మజిల్ కార్లని ఒక జాతి ఉండేది. మామూలు బండిలో దానికి మించిన ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టి, కుర్రాళ్ళకు అందే ధరకు అమ్మేవాళ్ళు. కోడెదూడకు ఏనుగు గుండె పెట్టినట్టన్నమాట. 302 అంటే ఇంజను కొలత, ఘనపు అంగుళాల్లో. మన లెక్కలో దాదాపు అయిదు లీటర్లు. మారుతి 800 ఇంజను 796 సీసీ. ఆరింతలు పెద్ద ఇంజనున్న బండి చారను తెచ్చి మేం దాని మీద వేశాం! ట్రాన్స్-యామ్ అనే పందేల్లో దిగాలంటే అదే రకం బండిని జనానికి కూడా అమ్మాలని నియమం. అందుకే ఫోర్డు కంపెనీ 1969లో బాస్ 302 బండ్లను 1,628 తయారుచేసింది. మరుసటి ఏడు ఆ పందేల్లో ఫోర్డే గెలిచింది.

"బాస్" అన్న పేరు కూడా షినోడా పెట్టిందే. మన బెంగళూరులో ఆటో స్టాండు నుంచి టీ అంగడి దాకా అందరూ అందరికీ బాసే కదా, అందులో గొప్పేముందో నాకు మొదట అర్థం కాలేదు. అప్పటి అమెరికా కుర్రాళ్ళ నోట్లో ఆ మాటకు "అదిరింది" అని అర్థం.

నాకు నచ్చింది ఆయన కొత్తగా పెట్టినవి కాదు, తీసేసినవి. ఆ ఏటి మస్టాంగుకు తలుపు వెనక పక్కల్లో గాలి పోవడానికన్నట్టు రెండు నోళ్ళు ఉండేవి. ఉత్తుత్తి నోళ్ళు, లోపలికి దారి లేదు. షినోడా వాటిని తీయించేశాడు. ముందు కింద గాలిని అడ్డుకునే పెదవిలాంటి రేకు, వెనక డిక్కీ మీద రెక్క, పక్కన ఆ చార. నాయనకు చెప్తే, "సరే మరి. పనికిరానిది పెడితే రేకు దండగ, దుమ్ము చేరేదానికి చోటు" అన్నాడు. మా షెడ్డులో దీనికి మించిన మెప్పు లేదు.

ఇంతవరకూ కార్ల గొడవే. ఇది చదివి, ఎవరో కారు పిచ్చి కుర్రాడు రాయాల్సిన వ్యాసం అనుకునేవాళ్ళు ఇంకాస్త ఓపిక పట్టండి.

షినోడా 1930లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టాడు. ఇంటివాళ్ళు జపాను మూలం వాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను అమెరికా మీద దాడి చేశాక, 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాంతో పశ్చిమ తీరంలో ఉన్న జపాను మూలం వాళ్ళనందరినీ ఇళ్ళల్లోంచి లేపి శిబిరాల్లో పెట్టారు. దాదాపు 1,20,000 మంది. వాళ్ళల్లో మూడింట రెండు వంతులు అమెరికాలోనే పుట్టిన పౌరులు. చేతులతో మోయగలిగినంతే తీసుకుపోవాలి. పన్నెండేళ్ళ షినోడా ఇంటివాళ్ళతోపాటు మాంజనార్ శిబిరానికి వెళ్ళాడు. కాలిఫోర్నియాలో కొండల పక్కన ఎడారి నేల. తారుకాగితం కప్పిన చెక్క షెడ్లు, ముళ్ళకంచె, కాపలా బురుజులు, ఎప్పుడూ దుమ్ము. ఒక దశలో అక్కడ పదివేలమందికి పైగా ఉన్నారు.

అక్కడినుంచి బయటికొచ్చిన పిల్లవాడు పెద్దవాడై, అమెరికావాళ్ళు "ఇది మా కారు, ఇంకెవరూ చేయలేరు" అని ఛాతీ విరుచుకొనే కార్లను గీశాడు. ఇది చదివినరోజు నేను రాత్రి చాలాసేపు పడుకోలేదు.

అయితే నన్ను పట్టుకున్నది శిబిరం కూడా కాదు, ఒక పేరు. కంపెనీల్లో పేరు రాకముందు షినోడా పాత ఫోర్డు రోడ్‌స్టర్‌ను తనే తయారుచేసుకొని పందేల్లో దిగేవాడు. 1955లో కాన్సస్ రాష్ట్రం గ్రేట్ బెండ్‌లో జరిగిన మొట్టమొదటి జాతీయ డ్రాగ్ పందేల్లో తన తరగతిలో గెలిచాడు. ఆ బండి పేరు "చాప్‌స్టిక్స్ స్పెషల్". చాప్‌స్టిక్స్ అంటే జపానువాళ్ళు అన్నం తినే పుల్లలు. జపాను మొహం ఉన్నవాడిని ఎగతాళి చేయాలంటే తోటివాళ్ళ నోటికి మొదట వచ్చే మాటల్లో అదొకటి అయ్యుంటుంది. దాన్ని ఆయనే తీసుకొని తన బండికి పెట్టుకున్నాడు. శిబిరాలు మూసి అప్పటికి పదేళ్ళే.

నేను చదివిన ఒక స్కూల్లో నా పేరు "గుల్టి". మీలో చాలామందికి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇప్పటికీ ఎవరన్నా "నిమ్మ ఊరు యావదు?" అంటారు. బెంగళూరే అంటాను. "అదల్ల, స్వంత ఊరు?" అంటారు. మా అవ్వ పుట్టింది ఇక్కడే, వాళ్ళ అవ్వ పుట్టింది కూడా ఇక్కడే. ఏ తరంలో, ఏ ఊరినుంచి వచ్చామో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు. నాకు కన్నడం బాగా వచ్చు, నా స్నేహితురాళ్ళలో సగం మంది కన్నడం వాళ్ళే. మమ్మల్ని ఎవరూ ముళ్ళకంచెలో పెట్టలేదు, ఇల్లు ఖాళీ చేయమనలేదు. షినోడా పడిందీ నేను పడిందీ ఒకే తక్కెడలో పెట్టి తూచితే అది అన్యాయం. కానీ "స్వంత ఊరు?" అన్న ప్రశ్న ఆయనకు కూడా తెలుసుంటుంది. ఆ ప్రశ్నకు ఆయన మాటతో ఏమన్నాడో గాని, బండి మీద రాసిన జవాబు మాత్రం నాకు కనిపిస్తోంది.

కలిసుంటే మొదట దాన్నే అడిగేదాన్ని. ఆ పేరు పెట్టుకున్నప్పుడు నవ్వొచ్చిందా, కోపమొచ్చిందా? పేరు రాసేటప్పుడు చెయ్యి వణికిందా? నా సంచీ మీద "గుల్టి" అని ఎంబ్రాయిడరీ చేసుకుంటే ఎట్లుంటుందని ఒకసారి అనుకున్నాను. సూది దాకా వెళ్ళాను, దారం దాకా వెళ్ళలేదు.

రెండో ప్రశ్న ఆడపిల్లలది. 1956లో షినోడా జనరల్ మోటార్స్‌లో చేరాడు. అదే కాలంలో ఆ కంపెనీ డిజైన్ విభాగంలో కొందరు స్త్రీలు కూడా పనిచేశారు. వాళ్ళకు ఎక్కువగా ఇచ్చింది లోపలి పని: సీట్ల గుడ్డలు, రంగులు. బయటి రేకు గీత మగవాళ్ళది. ముగ్గు వాకిట్లోనే వేయిస్తారు గాని, కారు ఒంటి మీద గీత దగ్గరికి వచ్చేసరికి మమ్మల్ని లోపల కూర్చోమంటారేమో! డిగ్రీ అయినాక డిజైన్ కోర్సుకు పరీక్ష రాస్తానని ఇంట్లో చెప్పాను. "ఆడపిల్ల కార్లు గీసేదేందే" అంటోంది అమ్మ. నాయన ఇంకా ఏమీ అనలేదు. అందుకే షినోడాను అడగాలి: పక్క గదిలో ఉన్న ఆ స్త్రీల బొమ్మలు మీరెప్పుడన్నా తీసి చూశారా?

జనరల్ మోటార్స్‌లో ఆయన చేయిపడిన పెద్ద బండి 1963 కార్వెట్ స్టింగ్ రే. స్టింగ్ రే అంటే టేకు చేప. ఆ కారును ఎవరు గీశారంటే ఒక్క పేరు చెప్పడం కష్టం. ఎట్లుండాలో చెప్పింది డిజైన్ అధిపతి బిల్ మిచెల్. 1957లో తొలి గీత గీసింది పీటర్ బ్రాక్ అనే కుర్రాడు. దాన్ని సానబట్టి నిలబెట్టినవాళ్ళల్లో ముఖ్యుడు షినోడా. మా ఇంట్లో సంక్రాంతి ముగ్గుకు అవ్వ చుక్కలు పెడుతుంది, అమ్మ కలుపుతుంది, నేను రంగులు నింపుతాను. చూసినవాళ్ళు "పాప బలే వేసిందే" అంటారు, అవ్వ మూతి ముడుచుకుంటుంది. ఆ కార్లను అసలు సైజులో మట్టితో చేసి, పైన వెండిరంగు పొర అతికించి, వెలుగు దాని మీద ఎట్ల పారుతుందో చూసేవాళ్ళు. ఇది చదివి నాయన దగ్గరికి పరుగెత్తాను. ట్యూబులైటు కథే కదా!

ఆ కారు వెనక అద్దం మధ్యలో వెన్నెముకలాగా ఒక నిట్టడ్డం ఉండేది, అద్దం రెండు ముక్కలు. వెనక వచ్చేది సరిగా కనబడదని ఇంజనీరు జోరా ఆర్కస్-డంటవ్ మొత్తుకున్నాడు. అందంగా ఉందని మిచెల్ పట్టుబట్టాడు. 1964కి ఇంజనీరు మాట నెగ్గి ఒకే అద్దం అయింది. ఇంజనీరుదే న్యాయం అని నా అభిప్రాయం, అందం వెనక లారీ హారన్ కొట్టేటప్పుడు పనికిరాదు. తమాషా ఏమంటే, అప్పట్లో కొందరు 1963 బండి అడ్డాన్ని కోయించి కొత్త అద్దం పెట్టించుకున్నారు. ఇప్పుడు సేకరించేవాళ్ళు ఎగబడేది ఆ అడ్డం ఉన్నదానికే.

1968లో తన పై అధికారి బంకీ నూడ్సన్ ఫోర్డు అధ్యక్షుడిగా వెళ్తే షినోడా కూడా వెళ్ళాడు. రెండేళ్ళు తిరగకుండానే నూడ్సన్‌ను తీసేశారు, వెంటనే షినోడాను కూడా. బాస్ 302 ఆ కొద్ది నెలల పనే. 1988లో అమెరికా ప్రభుత్వం శిబిరాల గురించి చట్టం చేసి, క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. అప్పటికి షినోడాకు యాభై ఎనిమిదేళ్ళు.

నాయనను కూడా అడిగాను, ఆయన్ను కలిస్తే నువ్వేమడుగుతావని. శిబిరం సంగతి, పందేల సంగతి అన్నీ విన్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. కార్వెట్ ఒళ్ళు ఇనుప రేకు కాదు, ఫైబర్ అని చెప్పినప్పుడు మాత్రం సుత్తి కింద పెట్టేశాడు.

"ఫైబరా? ఇంజను అంత పెద్దది పెట్టి ఒళ్ళు ఫైబరా? మరి గుద్దుకుంటే సొట్ట పడదు, పగులుతాది. దాన్ని ఎట్ల అతికిస్తారో, దాని మీద పట్టీ ఎట్ల నిలబడతాదో, ముందు అది అడుగు పాపా."