కోటగుళ్ల చెంత

చెల్పూరునకుఁ జేరువనున్న గణపురమున, కాకతీయ గణపతిదేవుని నాఁటి కోటగుళ్ల ప్రాకారమునకు వెలుపల చాప పఱచుకొని మాఘమాసపు రాత్రి నొకదానిని గడపుచుండఁగా, మేడారము జాతరకుఁ బోవు కుటుంబ మొకటి ట్రాక్టరు నాపి నా ప్రక్కనే మూఁడు రాళ్లు పేర్చి పొయ్యి రాజేసినది. "యే ఊరు బిడ్డా నీది?" అని యడిగిన ముసలమ్మ, నా జవాబునకై వేచియుండకయే జొన్నరొట్టెయు మిరప తొక్కును నా చేతఁ బెట్టినది. పే రడుగక మునుపే యాఁకలి నెఱుఁగుట బాటసారులకే చెల్లును గాఁబోలు!

వారి ట్రాక్టరు తొట్టిలో సమ్మక్క సారలమ్మలకు మ్రొక్కిన బెల్లపు దిమ్మెలు; దూరమున 1,100 మెగావాట్ల తాపవిద్యుత్కేంద్రపు వెలుఁగులు; ఈ చెంత, ప్రాకారములోని 22 గుళ్లలో పెక్కింటికి దివ్వె యన్నదే లేదు. పొరుగున పాలంపేటలో 1213 నాఁటి రామప్పగుడి 2021లో ప్రపంచ వారసత్వ గౌరవము నందుకొనఁగా, ఈ శిథిలములకు వచ్చువారు తక్కువ. స్వార్థమే యైనను, నా కదియే మేలనిపించును. ఏనుఁగు నణఁచుచున్న గజకేసరి శిల్పమును మలచిన యా పేరులేని శిల్పియు దూరపుటూరినుండి వచ్చి యిట్లే పొయ్యి రాజేసికొనియుండఁడా? రాజులు శాశ్వతత్వమును గోరి కట్టిన చోటికి, ఒక్క పూఁట విడిది చేయువారే గదా నేఁడు ప్రాణము పోయుచున్నారు!

వేకువనే ముసలమ్మ కొడుకు, "మీరు గూడ రాండ్రి సారూ, తొట్టిల జాగున్నది" అనెను. నేను చాప చుట్టఁదొడఁగితిని.