మాటల్లేని భీమ్, మాటలు నేర్పిన నాయనమ్మ

పిల్లల కార్టూన్లనగానే పేరెంట్స్‌గా మనం రెండు లెక్కలు వేస్తాం. రోజుకి ఎంతసేపు చూడనివ్వాలి? దానివల్ల ఇంగ్లిష్ ఎంత వస్తుంది? మా ఇంట్లో ఈమధ్య మూడో లెక్క మొదలైంది. ఆ కార్టూన్ చూస్తూ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? ఈ ప్రశ్న మాకు నేర్పింది మన హైదరాబాద్ పిల్లాడే, చోటా భీమ్.

భీమ్ తయారైంది మన ఊళ్లోనే అంటే ఇప్పటికీ కొందరు ఆశ్చర్యపోతారు. రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థను మొదలుపెట్టారు. 2008లో పోగో ఛానల్‌లో చోటా భీమ్ వచ్చాడు. పేరు, బలం మహాభారతంలోని భీముడివి. కథ మాత్రం ఢోలక్‌పూర్ అనే ఊహా రాజ్యంలో జరుగుతుంది. ధోతీ కట్టిన పిల్లాడు, లడ్డూ తింటే ఎక్కడలేని బలం. తోడుగా చుట్కీ, రాజు, జగ్గు అనే కోతి. పోటీకి కాలియా. విదేశీ కార్టూన్ల మధ్య మన తిండి, మన బట్ట, మన పల్లె కనబడేసరికి పిల్లలు అతుక్కుపోయారు.

ఆ భీమ్ 2డి బొమ్మ. గట్టి గీతలు, నిండు రంగులు. కథను ఎక్కువగా మాటలే నడిపిస్తాయి. ఆపద ఏమిటో, ఎవరు కాపాడాలో పాత్రలే చెప్పేస్తాయి.

2019 ఏప్రిల్‌లో అదే సంస్థ నెట్‌ఫ్లిక్స్‌లో ‘మైటీ లిటిల్ భీమ్’ తెచ్చింది. ఇందులో భీమ్ ఇంకా పసివాడు. 2డి పోయి 3డి వచ్చింది. పెద్ద తల, పెద్ద కళ్లు, బొద్దు బుగ్గలు. అన్నిటికంటే పెద్ద మార్పు, డైలాగులు తీసేయడం. నవ్వు, ఏడుపు, కేరింత, సంగీతం, అంతే. దాంతో ఏ దేశపు పిల్లలకైనా డబ్బింగ్ అక్కర్లేకపోయింది. మాటలు చేసే పనంతా కళ్లు, కనుబొమలు, చిట్టి చేతులు చేస్తాయి.

మా బాబుకి నాలుగేళ్లు. మామయ్య చనిపోయాక అత్తయ్య జగిత్యాల నుంచి మా దగ్గరికి వచ్చేశారు. ఆమెకు ఇంగ్లిష్ రాదు. వాడికి స్కూల్లోనూ, అపార్ట్‌మెంట్ పార్కులోనూ ఇంగ్లిషే. ఆమె ఏమడిగినా ‘యెస్’, ‘నో’ అని జవాబు. ఒకే సోఫా మీద కూర్చున్నా ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఆమె కాసేపు చూసి లేచి వెళ్లిపోయేవారు.

ఈ షో దగ్గర మాత్రం లేవలేదు. తెర మీద మాటలు లేవు కనుక వాడికి ఎంత అర్థమైందో ఆమెకూ అంతే అర్థమైంది. బుజ్జి భీమ్ లడ్డూల వైపు పాకుతుంటే ఆమె అందుకున్నారు. “సూడు బిడ్డా, గీ పోరడు లడ్డూ కోసం ఎట్ల పోతున్నడో! వాళ్లమ్మ అచ్చిందంటే ఉంటది వీనికి!” వాడు కొన్నాళ్లు ఊరికే విన్నాడు. ఒకరోజు ఆమె వంటింట్లో ఉంటే హాల్లోంచి కేకేశాడు. “నాయనమ్మా, జల్ది రా! పోరడు కింద పడ్డడు!” నాకు తెలిసి వాడు ఆమెతో పూర్తి తెలుగు వాక్యం మాట్లాడటం అదే మొదలు.

మావారికి ఒక సందేహం. “మాటల్లేని షో చూస్తే వొకాబులరీ ఎట్లా వస్తుంది? ఆ టైమ్‌లో ఫోనిక్స్ వీడియో పెడితే నయం కదా?” న్యాయమైన ప్రశ్నే. పిల్లాడు ఒక్కడే కూర్చుని చూస్తే ఈ షోలో వినబడే మాట ఒక్కటీ ఉండదు. పక్కన మాట్లాడే మనిషి ఉంటేనే దాని విలువ. చూసింది వరుసగా చెప్పడం, ఎందుకు జరిగిందో చెప్పడం, తర్వాత ఏమవుతుందో ఊహించడం, ఇవన్నీ రేపు క్లాసులో బొమ్మ చూసి కథ చెప్పమన్నప్పుడు పనికొచ్చేవే. అక్కడ ఇంగ్లిష్‌లో చెప్పినా, చెప్పే అలవాటు ఇంటి భాషలోనే మొదలవ్వచ్చు.

మీ ఇంట్లోనూ ఒక ఆదివారం ప్రయత్నించి చూడండి. ఒక ఎపిసోడ్ చాలు. మధ్యలో ఒకసారి ఆపి “ఇప్పుడు ఏం చేస్తాడు?” అని అడగండి. అయిపోయాక, చూడని వాళ్లకు కథ చెప్పమనండి. తెలుగైనా, ఉర్దూ అయినా, మరాఠీ అయినా, ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడే భాషలోనే సాగనివ్వండి. తప్పులు దిద్దడం తర్వాత చూసుకోవచ్చు.

మా ఇంట్లో కథ ఇప్పుడు టీవీ దాటింది. రాత్రి పడుకునే ముందు అత్తయ్య అసలు భీముడి కథ చెబుతున్నారు. బకాసురుడి కోసం పంపిన బండెడు అన్నాన్ని దారిలోనే తినేసిన భీముడు వాడికి తెగ నచ్చేశాడు. నిన్న రాత్రి సగంలో ఆపి అడిగాడు. “నాయనమ్మా, బండిల లడ్డూలు ఉన్నయా?”

“ఎందుకుండయ్ బిడ్డా, గంపెడున్నయ్” అన్నారు ఆమె.